సోలార్ ల్యాండ్ మూడో విడత సంగతి

ఆ ఉదయం తంగెడుదొడ్డి సన్నాయి నాగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. జొన్నరొట్టె తినాలి. సన్నాయికి కొత్త పీక తొడగాలి. ఎండ ముదరకముందే ఓ పాతికమందిని బడి ముందర కూర్చోబెట్టి, కూతురు చేసిన పాట వినిపించి, వాళ్లేమంటే అది ఫోనులో పట్టాలి. అంతే. ఇంత చిన్న పథకానికి మధ్యాహ్నానికల్లా ఒక ఎస్సైగారు, వరసకట్టిన ట్రాక్టర్లు, ఆస్పరి నుంచి దిగిన చుట్టాలు, తలెత్తుకోలేని ఒక మాజీ సర్పంచి కూడా అవసరమవుతారని నాగప్ప కలలోనైనా అనుకోలేదు. అనుకుని ఉంటే ఇంకో రొట్టె తినేవాడు.

కూతురు హేమలత ఆదోనిలో డిగ్రీ చదువుతోంది. ఆ పిల్లకు వీడియో ఆటలంటే ప్రాణం. వాటిలో ఒకటి 'సోలార్ ల్యాండ్'. అందులో ఓ చిన్నపిల్ల సూర్యుణ్ణి గంపలో పెట్టి నెత్తినెత్తుకుని, చీకటి కమ్మిన ఊళ్లకు ఒక్కొక్కటికీ మోసుకుపోతుంది. నడిచినంతసేపూ వెనకాల ఒక పాట వస్తుంది. ఇట్లాంటి పాటలను ఆటల పిచ్చి ఉన్నవాళ్లు ఎవరి వాయిద్యాల్లోకి వాళ్లు మార్చుకుని ఇంటర్నెట్టులో పెడతారు. విన్నవాళ్లు కింద అభిప్రాయాలు రాస్తారు. జీతం లేదు, బత్తెం లేదు, అభిప్రాయాలు మాత్రం గంపలకొద్దీ ఇస్తారు.

ఆ ఆట మూడో భాగంలోని పాటను హేమలత నాయన సన్నాయి కలిపి మార్చింది. పాట బాగానే పారింది, దాని వెనకాలే అభిప్రాయాలూ పారాయి. ఒకరు "విని కళ్లు తుడుచుకున్నాను" అన్నారు. ఇంకొకరు "మా ఊరి పెళ్లి గుర్తొచ్చింది, ఆ పెళ్లి నాది కాదన్న సంగతి కూడా గుర్తొచ్చింది" అన్నారు. మరొక మహానుభావుడు "అంతా బాగుంది గానీ, మధ్యలో ఆ ఘాటు రోడ్డు బస్సు హారను ఎందుకు, తీసేయండి" అని రాశాడు. హేమలత దాన్ని దాచిపెట్టింది. దాచిపెట్టిందాన్ని కనిపెట్టడంలో నాగప్పకు చిన్నప్పటి నుంచీ మంచి పేరుంది.

"బస్సు హారనంట మేయ్," అన్నాడు పెళ్లాం పద్మమ్మతో. "మా నాయిన ఊదితే ఆదోని మార్కెట్టుకు పోయే పత్తిబండ్ల ఎద్దులు నిలబడి ఇంటాండె."

"ఎద్దులు బస్సు హారనుకు గూడ నిలబడతాయిలే," అంది పద్మమ్మ పిండి పిసుకుతూ.

బెంగళూరులో ఈ ఆటపాటల పిచ్చివాళ్ల సంఘం ఒకటుంది. ఏటా ఒక పెద్ద హాల్లో కచేరీ పెట్టి, తమకు నచ్చిన మార్పు పాటలను జనం ముందర వాయింపజేస్తారు. హేమలత పాట వాళ్లకు నచ్చింది. చిక్కల్లా సన్నాయి దగ్గర వచ్చింది. సగంమంది ఉంచమన్నారు, సగంమంది తీసేయమన్నారు. సంఘం పెద్ద మహేశ్వర్ ఒక తీర్పు చెప్పాడు: ఆట మొహం చూడనివాళ్లకు పాట వినిపించండి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు వీడియో తీసి సాయంత్రంలోగా పంపండి, వాళ్ల మాటే ఖాయం. హేమలత సన్నాయి ఉన్న పాట ఒకటి, లేని పాట ఒకటి తయారుగా పెట్టుకుంది.

డీజేలు వచ్చినప్పటి నుంచి నాగప్ప సన్నాయి పెళ్లిలో తాళి కట్టే గడియకే మిగిలింది. అదీ ఫోటోలవాడు పక్కకు జరగమనేంతవరకే. అందుకే ఆయన గట్టిగా అనేశాడు.

"మనోళ్లు ఉంచమంటే బెంగళూరు పోయి ఊదుతా పాపా. తీసెయ్యమంటే నా చేత్తో నేనే మూటగట్టి అటకెక్కిస్తా. మల్లా దాన్ని ముట్టను."

"అంత మాట ఏంటికి నాయినా?"

"అంత మాటే. అనేసినా."

పాతికమందిని పిలవడానికి ఇల్లిల్లూ తిరిగితే సరిపోయేది. కానీ సరిగ్గా ఆ వేళకు ఎమ్మిగనూరు జయరాజు, నెత్తిన రెండు మైకులున్న తన ఆటోను టీ కొట్టు ముందర ఆపాడు. జయరాజుది ప్రకటనలు చెప్పే వృత్తి. పన్ను కట్టండనీ, పశువులకు సూదులు వేయించండనీ ఆఫీసుల తరఫున చెప్పి చెప్పి, ఇంట్లో అన్నం వడ్డించమనాలన్నా "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టే మనిషి.

"ఏమని సెప్పల్ల నాగప్పన్నా?"

"సోలార్ ల్యాండ్ త్రీ అని ఉండాదప్పా. దాని సంగీతం మీద అందరూ వచ్చి అభిప్రాయం సెప్పల్ల. పది గంటలకు, బడి కాడ."

"ఇట్ల సెప్తే కుక్క గూడ రాదు. దానికొక పద్ధతుంటాదన్నా. నువ్వు పోయి పీక తడుపుకో, మిగతాది నాకొదిలెయ్."

ఎవరైనా ఏదైనా తనకొదిలేస్తే జయరాజు దాన్ని ఉత్తగా వదిలిపెట్టడు. త్రీ అంటే మూడు. ఉత్త మూడు అంటే బోసిగా ఉంటుందని 'మూడో విడత' చేశాడు. అభిప్రాయం అంటే పొట్టిగా ఉందని ముందర 'ప్రజా' తగిలించి, వెనక 'సేకరణ' కట్టాడు. ఆపైన మైకు మీట నొక్కాడు.

"ఇందుమూలముగా యావన్మంది రైతు సోదరులకు తెలియజేయునది ఏమనగా, సోలార్ ల్యాండ్ మూడో విడత సంగీతముపై ఈ దినం పది గంటలకు తంగెడుదొడ్డి బడి ఆవరణలో ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. కావున అందరూ హాజరై..."

రెండు మైకుల్లో ఒకటి పోయిన ఏడే బొంగురుపోయింది. ఆ పైన పడమటి గాలి. ఆ గాలికీ ఆ బొంగురుకూ 'సంగీతముపై' అన్నది చేలల్లోకి చేరేసరికి 'సంగతిపై' అయింది. మిగతా మాటలన్నీ గంటకొట్టినట్టు వినిపించాయి.

ఆ వైపు పల్లెల్లో ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఒకటే అర్థం. ఎవరో ఎక్కడో మన పొలం మీద కన్నేశారని. ముందు షామియానా వేస్తారు, నీళ్ల ప్యాకెట్లు పంచుతారు, మన అభిప్రాయం తీసుకుంటారు, ఆ వెనకాల పొలం తీసుకుంటారు. సోలారు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. చేను పరిచినంత మేర నల్ల పలకలు, చుట్టూ ముళ్లకంచె, కంచె అవతల మనం.

మద్దమ్మ ఉల్లిగడ్డ చేలో కలుపు తీస్తోంది. డెబ్బై దాటినా ఆ అవ్వ గొంతుకు మాత్రం వయసు రాలేదు. విన్నదే తడవుగా, కలుపు తీసే దోకుడుపార పట్టుకుని టీ కొట్టు కాడికి వచ్చింది. అక్కడ మాజీ సర్పంచి రంగన్న పేపరు చదువుతున్నాడు.

"రంగా, సోలారు మూడో విడత అంటాండాడు ఆ ఆటోవోడు. ముందటి రెండు విడతలు ఎప్పుడయినాయిరా?"

టీ గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. మూడోది వచ్చిందంటే రెండు అయిపోయినట్టే కదా. ఎవరివి పోయాయి, ఎప్పుడు పోయాయి? ఒకాయన పొద్దునే చేను చూసి వచ్చాడు. "సూసినా గానీ, ఉండాదా లేదా అని సూడలే," అని లేచి చేను దిక్కు పరుగెత్తాడు.

అందరూ రంగన్న వైపు తిరిగారు. తెలీదు అనే మాట రంగన్న నోట్లో పుట్టిన దాఖలా లేదు. రేపు వాన పడుతుందా అంటే నిన్ననే తనకు ఫోను వచ్చిందనే రకం.

"నాకు తెలుసులే," అన్నాడు పేపరు మడుస్తూ. "ఎవురికీ సెప్పొద్దన్నారు."

ఇంకేముంది, ఎండుగడ్డికి నిప్పురవ్వ అందింది. ఫోన్లు లేచాయి. ఆస్పరిలో అల్లుడికి, మద్దికెరలో వియ్యంకుడికి, హాలహర్విలో అక్కకు. చేరిన ప్రతి ఊళ్లోనూ వార్త కాస్త ఒళ్లు చేసింది. ఆస్పరిలో అది వెయ్యెకరాలు. మద్దికెరలో ఊరికి ఊరు. హాలహర్వి చేరేసరికి కంపెనీవాళ్లు ఏకంగా సూర్యుణ్ణే కొనేశారనీ, ఇకమీదట ఎండలో వడియాలు పెట్టుకోవాలన్నా మీటరు బిగిస్తారనీ తేలిపోయింది.

పది గంటలకు నాగప్ప తెల్లపంచ కట్టుకుని, సన్నాయి చంకన పెట్టుకుని బడి దగ్గరికి వచ్చి చూస్తే, జనం. బడి ముందర జనం, బడి గోడమీద జనం, వేపచెట్ల మీద జనం. ట్రాక్టర్లు వస్తూనే ఉన్నాయి. ఎమ్మిగనూరు నుంచి ఉగ్గాని బజ్జి బండి కూడా వచ్చేసింది. జనం ఎక్కడ చేరతారో ఆ బండివాడికి దేవుడికంటే ముందు తెలుస్తుంది.

"నాయినా," అంది హేమలత, ల్యాప్‌టాపు గుండెకు హత్తుకుని, "పాతికమంది అంటివి."

"కళంటే ఇట్లనే ఉంటాది పాపా. మనం ఒకర్ని పిలిస్తే అది నూరుమందిని పిలుస్తాది."

"చేతుల్లో పాసు పుస్తకాలు ఏంటికి నాయినా?"

"అభిప్రాయం రాసుకోని వచ్చింటారు. పెద్ద మనుసులు."

పద్మమ్మ జనాన్ని ఒకసారి కలయజూసింది. "మన పెండ్లికి గూడ ఇంతమంది రాలే," అంది. నాగప్పకు అది పెళ్లయిన తర్వాత ఆమె నోటివెంట విన్న మొదటి మెచ్చుకోలు లాగా వినిపించింది.

ఇంతలో జీపు వచ్చింది. ఎస్సైగారు దిగారు. ఈ సేకరణ గురించి ఆయనకు పైనుంచి ఒక్క ముక్క రాలేదు. వచ్చిందా అని పైకి ఫోను చేస్తే 'నీకు తెలీదా' అంటారని భయపడి, తెలిసినట్టే లాఠీ తిప్పుతూ వచ్చారు.

"ఇక్కడ ఏర్పాటు చేసింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు నాగప్ప.

"పర్మిషను ఎవరిచ్చారు?"

"మా నాయిన సార్. నాకు ఎనిమిదేండ్లప్పుడే ఇచ్చినాడు."

ఎస్సైగారు ఆ మాటను కాసేపు నమిలి చూశారు, మింగుడుపడలేదు. ఇది ఎవరో పెద్ద తలకాయ మనిషే అయి ఉంటాడని నిర్ణయించుకుని, "సరే, శాంతియుతంగా కానివ్వండి" అని బడి అరుగు పక్కన నిలబడ్డారు.

నాగప్ప అరుగెక్కి జయరాజు చేతిలోని తీగలేని మైకు అందుకున్నాడు. హేమలత ఫోనును వీడియోలో పెట్టి కిటికీ ఊచకు ఆనించింది.

"అన్నా, అక్కా, అవ్వా. మీరింతమంది వస్తారని నేననుకోలే. ఈ పని మేం శానా దినాల నుంచి ఇంట్లోనే గుట్టుగా చేసుకుంటాండాము."

జనంలో ఒక గురగుర పుట్టింది.

"ఇది మూడోది. ముందటి రెండూ అయిపోయినాయి. అవి మీకు తెలీవు. తెలీకపోయినా నష్టమేం లే."

"ఎవురికి లే నష్టం?" అని వెనకనుంచి ఒక కేక.

నాగప్ప దాన్ని ఉత్సాహం కింద జమకట్టాడు. "మీరు ఒక్క మాట సెప్తే సాలు. దీన్ని ఉంచల్లనా, తీసెయ్యల్లనా?"

"తీసెయ్యల్ల" అన్నారు. ఒకరు కాదు, వందమంది కాదు, అక్కడున్న ప్రతి గొంతూ అంది. వేపచెట్ల మీది కాకులు లేచి హాలహర్వి దిక్కుకు పోయాయి.

నాగప్ప రెండు చేతులూ ఎత్తాడు. "ఇనకముందే అంటే ఎట్లప్పా? ఒక్కసారి ఇని..."

"వద్దు," అన్నారు జనం. "వద్దు, వద్దు, వద్దు." పిడికిళ్లు లేచాయి, పాసు పుస్తకాలు లేచాయి, మద్దమ్మ దోకుడుపార కూడా లేచింది.

"మా తాత కాలం నాటిదవ్వా ఇది," అన్నాడు నాగప్ప.

"మాది గూడ మా తాత కాలం నాటిదే," అంది మద్దమ్మ అరుగు దగ్గరికి వచ్చి.

"బెంగళూరోళ్లు గూడ సగంమంది తీసెయ్యమనే అంటాండారు."

మద్దమ్మ తికమకపడింది. కంపెనీవాళ్లే తీసేయమంటుంటే ఇక కావలసింది ఎవరికి? "మరి ఉంచమనేదెవురు?"

"నేనే."

"నువ్వెవురప్పా ఉంచమనేకి? నీకు సెంటు భూమి గూడ లేదే."

"దీనికి భూమితో పనేముండాదవ్వా? ఊపిరుంటే సాలు."

మద్దమ్మ జనం వైపు తిరిగింది. "ఇన్నారా? భూమితో పని లేదంట. మనకు ఊపిరి ఒకటి మిగిలిస్తాడంట ఈ మారాజు."

జనం ఒక అడుగు ముందుకు వేశారు. ఎస్సైగారు ఒక అడుగు వెనక్కి వేశారు. జయరాజు ఆటో కిందకు దూరే వీలు చూసుకున్నాడు. హేమలతకు ఏం చేయాలో తోచక, గబగబా ల్యాప్‌టాపు మీద పాట నొక్కింది. ఆ తొందరలో వేలు సన్నాయి లేని పాట మీద పడింది.

ఆటో మైకుల్లోంచి పాట మొదలైంది. మెల్లగా ఒక నడక. పిల్ల గంపనెత్తుకుని కొండ ఎక్కుతోంది. జనం కొంచెం ఆగారు. కంపెనీవాళ్లు ముందర పాట పెట్టి తర్వాత సినిమా చూపిస్తారని వాళ్లకు ఎరుకే. నాగప్పకు ప్రతి మలుపూ తెలుసు. కొండ కొస దగ్గర సన్నాయి రావాలి. అక్కడికి వచ్చేసరికి పాట నోరు తెరిచి ఊరకే నిలబడింది. ఖాళీ. తీసేస్తే ఇట్లుంటుందన్నమాట, అనుకున్నాడు నాగప్ప. నా ఊరివాళ్లే తీసెయ్యమన్నారు. సరే, అటకెక్కే ముందర ఒక్కసారి ఊదుకుంటా, ఎవడేమంటాడు.

సన్నాయి నోట పెట్టుకున్నాడు. ఊపిరి పీల్చి, ఆ ఖాళీలో ఊదాడు.

రోషం ఉన్న ఊపిరికి బలం ఎక్కువ. ఆ పూట నాగప్ప ఊదింది ఆదోని కొండల దాకా వినపడిందని బజ్జి బండివాడు ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. పొయ్యిమీది నూనె కాగడం మానేసి విన్నదంటాడు. నూనె సంగతి మనకు తెలీదు గానీ, లేచిన పిడికిళ్లు ఒక్కొక్కటే దిగడం మాత్రం అందరూ చూశారు. దింపడం మరిచిపోయిన ఒకాయన చెయ్యి పాట అయ్యేవరకు అట్లాగే ఉండిపోయింది. పాట కొండ దిగింది, ఊరు చేరింది, గంప దించింది. నాగప్ప రొప్పుతూ సన్నాయి దింపాడు.

మద్దమ్మే ముందు నోరు తెరిచింది.

"ఏందప్పా ఇది?"

"సోలార్ ల్యాండ్ త్రీ."

"ఇదా?"

"ఇదే. పాప ఆడే ఆటలో పాట. దానికి నా సన్నాయి కలిపింది. ఉంచల్లనా తీసెయ్యల్లనా అని అడిగితే మీరు తీసెయ్యమంటిరి."

"మరి భూమి?"

"ఏ భూమి?"

అందరి కళ్లూ జయరాజు మీదికి తిరిగాయి. జయరాజు సగం ఆటో కింద ఉన్నాడు. "నేను సంగీతముపై అనే అంటినన్నా," అన్నాడు మిగతా సగంతో. "ఆ బొంగురు మైకు అంటే నాకేం తెలుసు?"

తన్నులు పడవలసిన చోటే. కానీ మద్దమ్మకు నవ్వొచ్చింది. ఆ అవ్వకు నవ్వొస్తే ఊరికి రాకుండా ఉండదు. నవ్వు ట్రాక్టర్ల మీదికి పాకి, గోడెక్కి, వేపచెట్లు ఎక్కింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక మద్దికెర వియ్యంకుడు అసలు మాట అన్నాడు.

"అంత దూరం నుంచి డీజిలు పోసుకోని వస్తిమి. అభిప్రాయం సెప్పకుండా పోతే ఎట్ల? మల్లా ఒకసారి ఊదు నాగప్పన్నా. ఈతూరి ఇని సెప్తాం."

మళ్లీ ఊదాడు. ఈసారి అభిప్రాయాలు వచ్చాయి చూడండి.

ఎమ్మిగనూరు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన నేతగాడు ఈరన్న అన్నాడు: "ఆ కంప్యూటరు దరువు మగ్గం మాదిరే ఉండాది గానీ, మగ్గమన్నాక యాడో ఒకచోట పోగు తెగల్లప్పా. ఇది ఒక్కసారి గూడ తెగలే. నాకు నమ్మకం రాలే. సన్నాయి వచ్చి దాన్ని కొంచెం తడబరిసింది సూడు, అప్పుడు మనిసి నేసిన గుడ్డ అనిపించింది."

ఆస్పరి నుంచి వచ్చిన ఈశ్వరి అంది: "నడక బాగుండాది. బరువు మోసేటోళ్లు అట్లనే నడుస్తారు. గంప దించేటప్పుడు మాత్రం ఇంగ కొంచెం సేపు ఊదల్లన్నా. అంత బరువు సట్టని దించితే నడుం పట్టుకుంటాది."

ఎస్సైగారిని అడిగితే, డ్యూటీలో ఉన్నప్పుడు తనకు అభిప్రాయం ఉండకూడదన్నారు. లాఠీ మాత్రం ఆ మాట చెబుతూనే తాళం వేస్తోంది.

నాగప్ప గుండె చిక్కబట్టుకుని మద్దమ్మను అడిగాడు. "అవ్వా, ఉన్నది ఉన్నట్టు సెప్పు. బస్సు హారను మాదిరి ఉండాదా?"

"మనూరికి బస్సు యాడొస్తాదప్పా? వస్తే దాని హారను ఇంత బాగుంటాదా?" అంది మద్దమ్మ. "ఉంచు. నువ్వు ఊదుతాంటే నాకు ఆయాసమొచ్చింది. ఆ పెట్టె పాడుతాంటే ఎవురికీ ఏం రాలే. ఉంచు."

"ఉంచల్ల," అన్నారు జనం, ఇందాకటి గొంతుతోనే. నాగప్ప సన్నాయిని చంటిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. పద్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, కంట్లో బజ్జి పొగ పడిందని చెప్పింది.

ఊరి పెద్ద కదా అని హేమలత చివరి అభిప్రాయానికి మైకును రంగన్న చేతిలో పెట్టింది. రంగన్న అటూ ఇటూ చూసి, "ఒక్క నిమిషం, అర్జెంటు ఫోను మాట్లాడొస్తా" అని మైకు చంకన పెట్టుకునే బడి వెనక్కి పోయాడు. తీగ లేని మైకు. మీట ఆపనేలేదు. కాసేపటికి ఆటో మైకులు రెండూ, బొంగురుదానితో సహా, మాట్లాడసాగాయి.

"సార్, నమస్తే సార్. బేజారు కావద్దండి. ఇది వేరే సోలారంట, పిల్లలాడుకునేది. మన సోలారు సంగతి ఎవనికీ తెలీదు. సంతకాలు నేను ఒక్కొక్కర్ని ఇంటికి పిలిపించి మెల్లగా పెట్టిస్తా. ఆ మద్దమ్మ చేను మాత్రం ఆఖర్న పెట్టుకోండి సార్. ఆయమ్మ నోరు మంచిది గాదు."

తెలీదు అనడం రాని రంగన్నకు జీవితంలో మొదటిసారి ఒక సంగతి నిజంగానే తెలిసింది. ఇప్పుడు అది అందరికీ తెలిసింది.

రంగన్న నవ్వుకుంటూ బడి మలుపు తిరిగి వచ్చేసరికి జనం దారి విడిచి నిలబడి ఉన్నారు. మర్యాద అనుకుని నాలుగడుగులు వేశాడు. దారి చివర మద్దమ్మ ఉంది.

"నీ అభిప్రాయం శానా బాగా ఇనబడింది రంగా," అంది మద్దమ్మ. "ఇంగ మాది ఇను. సార్ గూడ లైన్లో ఉన్నాడేమో, ఫోను ఎత్తి పట్టుకో."

పట్టుకోక చస్తాడా. "వద్దు," అన్నారు జనం. "వద్దు, వద్దు, వద్దు." ఇందాకటిది తెలీక అన్న వద్దు, ఇది తెలిసి అన్న వద్దు. ఇందాకటికన్నా బాగా కుదిరింది. నాగప్ప ఊరుకోలేక సన్నాయి ఎత్తి, వద్దుకూ వద్దుకూ మధ్య ఒక విరుపు వేశాడు. ఫోను అవతలి సారు ఎప్పుడు పెట్టేశాడో రంగన్నకు కూడా తెలియలేదు. షామియానా తప్ప సేకరణకు కావలసిన జనం, పోలీసు, మైకు, వీడియో అన్నీ అమరే ఉన్నాయి. ప్రజాభిప్రాయం శాంతియుతంగా సేకరించబడిందని ఎస్సైగారు పైకి ఫోను చేసి చెప్పారు. పైవాళ్లు కూడా తమకు తెలిసినట్టే "వెరీ గుడ్" అన్నారు.

రంగన్నతో మాట్లాడిన ఆ సోలారు కంపెనీవాళ్లు మళ్లీ తంగెడుదొడ్డి దారి పట్టలేదు. రంగన్న ఇప్పుడు ఎవరేమడిగినా "నాకు తెలీదప్పా" అంటున్నాడు. నేర్చుకుంటే ఏ వయసులోనైనా చదువు వస్తుంది.

సాయంత్రంలోగా పంపాలి కాబట్టి, వీడియోను కత్తిరించే తీరిక హేమలతకు దొరకలేదు. తీసెయ్యమన్నదీ, వద్దన్నదీ, ఉంచమన్నదీ, రంగన్న రాగంతో సహా ఉన్నదున్నట్టు పంపేసింది. మర్నాడు మహేశ్వర్ ఫోను చేశాడు.

"సన్నాయి ఖాయం. దాని మీద ఇక్కడ ఎవరికీ రెండో మాట లేదు. అసలు ఒక ఆట పాట కోసం ఇంతమంది పిడికిళ్లెత్తి అరవడం మా సంఘం పుట్టాక చూడలేదమ్మా. ఇంతకీ ఆ కోరసు ఎవరు రాశారు? అది కూడా పాటలో ఉండాలని ఇక్కడందరూ పట్టుబడుతున్నారు."

"అది మద్దమ్మవ్వది సార్," అంది హేమలత.

బెంగళూరు హాల్లో దీపాలు ఆర్పి, వెనక తెర మీద సూర్యుడి గంప వెలిగించారు. నాగప్ప అదే తెల్లపంచతో ముందుకొచ్చి ఊదాడు. ఫోటోలవాళ్లు వాళ్లంతట వాళ్లే పక్కకు జరిగారు. గంప దించేచోట ఈశ్వరి చెప్పినట్టే ఇంకాస్త సేపు నిలిపాడు. ఆ పైన కోరసు అందుకుంటే హాలంతా లేచి నిలబడింది. తెలుగు వచ్చినవాళ్లు ఎందుకు వద్దో అడగలేదు, రానివాళ్లు ఏం వద్దో అడగలేదు. అందరూ కలిసి పైకప్పు లేచిపోయేలా "వద్దు, వద్దు, వద్దు" అన్నారు. ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా అరిచిన కుర్రాళ్లు ఆ సోలారు కంపెనీ ఉద్యోగులని హేమలతకు తర్వాత తెలిసింది. శ్రుతి మాత్రం వాళ్లదే బాగా కుదిరింది.